తమ్ముణ్ణి కాపాడిన అంబులెన్స్ వాళ్ళకి థ్యాంక్స్ ఎలా చెప్పాలి? వాడి నుదుటి మీద 7:52 అని ఎందుకు రాశారు?

ఊరపిచ్చుక
మూడు వారాల కింద మా తమ్ముడి కారుకి యాక్సిడెంట్ అయింది. వానలో ఎదురుగా వస్తున్న వ్యాను అదుపు తప్పి గుద్దేసింది. డ్రైవర్ వైపు తలుపు లోపలికి నొక్కుకుపోయి వాడి కాలు ఇరుక్కుపోయింది. ఇప్పుడు ప్రాణానికి ఏం భయం లేదు. రెండు ఆపరేషన్లు అయ్యాయి, ఇంకా మంచం మీదే ఉన్నాడు.

ఆ రోజు నాకు వాడి నంబరు నుంచే ఫోన్ వచ్చింది. ఎత్తితే ఎవరో ఆడమనిషి గొంతు. "మీ తమ్ముడు నా పక్కనే ఉన్నాడండి, తెలివిలోనే ఉన్నాడు, మీతో మాట్లాడతానంటున్నాడు" అంది. యాక్సిడెంట్ అన్న మాట ఆ తర్వాత చెప్పింది. ఆ మాటలు ఆ వరసలో చెప్పబట్టే నేను కుప్పకూలిపోకుండా నిలబడ్డాను. వాడు ఫోన్లో "అక్కా, అమ్మకి చెప్పకు" అన్నాడు, అంతే. తలుపు కోసి బయటికి తీసేదాకా ఆవిడ వాడి పక్క సీట్లోనే కూర్చుందట. ఏం చేయబోతున్నా ముందు చెప్పి చేసేదట. "ఇప్పుడు పెద్ద చప్పుడొస్తుంది, మీ వైపు అద్దం పగలగొడుతున్నారు, కళ్ళు మూసుకోండి" అని.

ఆవిడ పేరు కూడా తెలియదు. కలిసి థ్యాంక్స్ చెప్పాలని ఉంది. అలా వెళ్ళొచ్చా? వాళ్ళ పనికి అడ్డమవుతామా? ఏమైనా పట్టుకెళ్ళాలా?

ఇంకో సంగతి. హాస్పిటల్‌కి వచ్చేసరికి వాడి నుదుటి మీద నల్ల మార్కర్‌తో 7:52 అని రాసి ఉంది. అమ్మ అది చూసి, పిల్లాడి మొహం మీద ఏంటి ఈ గీతలని కొంగుతో తుడవబోతే అక్కడి నర్సు "తుడవకండి!" అని అరిచింది. అమ్మ ఇప్పటికీ ఆ మాట మర్చిపోలేదు. అదేంటో ఎవరికైనా తెలుసా?

బుడ్డోడు
అమ్మకి చెప్పకు అన్నాడా 😭 తమ్ముళ్ళందరూ ఒకటే.

వేపకొమ్మ
బతికి బయటపడ్డాడు, అది చాలు. నుదుటి మీద రాయడం నేనెప్పుడూ వినలేదు. వచ్చిన టైమేమో?

రాత్రిడ్యూటీ
11 ఏళ్ళుగా అంబులెన్స్‌లో పనిచేస్తున్నా. ముందు 7:52 సంగతి చెప్తాను.

మీ తమ్ముడికి తొడకి టూర్నికే కట్టి ఉంటారు. రక్తం ధారగా పోతున్నప్పుడు, నొక్కి పట్టినా ఆగనప్పుడు, గాయానికి పైభాగంలో బిగించే పట్టీ అది. ఒక చిన్న కడ్డీ ఉంటుంది, తిప్పేకొద్దీ బిగుసుకుంటుంది. భయంకరంగా నొప్పి పుడుతుంది, కానీ ప్రాణం నిలబెడుతుంది. చిక్కేంటంటే, అది బిగించాక ఆ కాలికి కింద రక్తం అందదు. మామూలుగా రెండు గంటల్లోపు సర్జన్ చేతికి అందితే కాలికి పెద్దగా ప్రమాదం ఉండదంటారు. ఆ పైన గడిచేకొద్దీ కండరాలకి, నరాలకి దెబ్బ. అందుకే ఎన్నింటికి బిగించామన్నది అందరికంటే ముందు సర్జన్‌కి తెలియాలి. కాగితాలు తడుస్తాయి, పోతాయి. పట్టీ మీద రాస్తే పైన దుప్పటి కప్పేస్తారు. నుదురు మాత్రం ఎవరొచ్చినా కనపడుతుంది.

7:52 అంటే మీ తమ్ముడి కాలికి గడియారం మొదలైన టైము. ఆ నర్సు అందుకే అరిచింది.

ఊరపిచ్చుక
ఇది చదివి పది నిమిషాలు అలాగే కూర్చుండిపోయాను. అమ్మకి చదివి వినిపిస్తాను. ఆపరేషన్ థియేటర్లోకి తీసుకెళ్ళింది తొమ్మిదికి కాస్త ముందు. కాలు నిలిచింది. ఇప్పుడు వేళ్ళు కదుపుతున్నాడు.

వార్డు3
ఎమర్జెన్సీలో నర్సుని. అలా అరిచినందుకు ఆ నర్సు తరఫున మీ అమ్మగారికి నేను క్షమాపణ చెప్తున్నా. అలాంటప్పుడు "అమ్మా, దయచేసి" అనే టైము నిజంగా ఉండదు. కానీ తర్వాత ఎవరో ఒకరు వచ్చి ఎందుకన్నామో చెప్పి ఉండాల్సింది. అది మా తప్పే.

లెక్కలపుస్తకం
నేను వేరేగా చెప్తాను, ఎవరూ నొచ్చుకోవద్దు. అది వాళ్ళ ఉద్యోగం, జీతం తీసుకుంటారు. డ్యూటీ సరిగ్గా చేస్తే దండలు వేస్తాం, చేయకపోతే నోరెత్తం. మా నాన్న యాక్సిడెంట్ అప్పుడు అంబులెన్స్ కోసం చాలాసేపు ఎదురుచూశాం. వచ్చినతను మొహం చూసి మాట్లాడలేదు. "జరగండి, జరగండి" తప్ప ఇంకో మాట లేదు. నాన్న అడిగిన దానికి కూడా జవాబు లేదు. ఆ సాయంత్రం నాకింకా గొంతులో ముల్లులా ఉంది.

వేపకొమ్మ
@లెక్కలపుస్తకం మీ బాధ అర్థమైంది. కానీ టూర్నికే కట్టడానికి జీతం ఇస్తారు, అక్కకి ఫోన్ చేసి కలపడానికి ఇవ్వరుగా. ఆవిడ అడుగుతున్నది ఆ రెండోదాని గురించి.

రాత్రిడ్యూటీ
@లెక్కలపుస్తకం మీరు ఫిర్యాదు రాయండి, మనస్ఫూర్తిగా చెప్తున్నా. తేదీ, టైము, చోటు వేసి రాయండి. రాయకపోతే అలాంటివాళ్ళకి ఎవరూ ఏమీ చెప్పరు, కొత్తగా చేరిన పిల్లలు వాళ్ళని చూసే నేర్చుకుంటారు. థ్యాంక్స్ వచ్చేదీ ఫిర్యాదు వచ్చేదీ ఒకే ఆఫీసుకి. మాకు రెండూ తక్కువే వస్తాయి.

గళ్ళచొక్కా
మా ఆవిడ యాక్సిడెంట్‌లో ఒక విషయం నాకు అర్థం కాలేదు. ఆవిడ లేచి నిలబడతానంటోంది, నడవగలనంటోంది. అయినా మెడకి పట్టా వేసి, పలక మీద కట్టేసినట్టు పడుకోబెట్టారు. డ్రెస్ కూడా నిలువునా కత్తిరించేశారు. పైగా ఒకటే ప్రశ్న పదిసార్లు: పేరేంటి, ఈరోజు ఏ వారం, ఇప్పుడెక్కడున్నారు. నాకైతే చిరాకొచ్చింది, ఒకసారి చెప్తే గుర్తుండదా అని.

వార్డు3
@గళ్ళచొక్కా గుర్తుండక కాదండీ అడిగేది. మొదటిసారి చెప్పినంత చక్కగా పదోసారి కూడా చెప్తోందా అని చూడ్డానికి. కళ్ళు తెరవడం, మాట, శరీరం కదపడం, ఈ మూడింటికీ మార్కులు వేస్తాం. బాగా తక్కువైతే 3, అంతా బాగుంటే 15. గ్లాస్గో కోమా స్కేల్ అంటారు. 15 నుంచి 13కి, 13 నుంచి 11కి దిగుతుంటే లోపల తలలో ఏదో జరుగుతోందని అర్థం. ఆ ఒక్క ప్రశ్న వల్ల స్కాన్‌కి పరుగెత్తించినవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఇక లేచి నడుస్తాననడం. దెబ్బ తగిలిన ఆ కాసేపు ఒంట్లో అడ్రినలిన్ పొంగుతుంది, నొప్పి తెలియదు. మెడ ఎముక విరిగినవాళ్ళు కూడా నాకేం కాలేదు అంటారు. బట్టలు విప్పాలంటే ఒళ్ళు తిప్పాలి, కత్తిరిస్తే అక్కర్లేదు.

పాతకాగితాలు
ఆ స్కేల్ 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెనెట్ అనే ఇద్దరు డాక్టర్లు తయారుచేశారు. అంతకుముందు ఒకరు "మగతగా ఉన్నాడు" అని రాస్తే ఇంకొకరు "సగం స్పృహ" అని రాసేవాళ్ళు, ఎవరికి ఏం అర్థమవుతుందో చెప్పలేని పరిస్థితి. అంకె వచ్చాక అందరూ ఒకే భాష మాట్లాడుతున్నారు.

థ్యాంక్స్ చెప్పాల్సినవాళ్ళలో నిల్స్ బోలిన్‌ని కూడా కలపండి. నడుముకీ భుజానికీ కలిపి పట్టే సీటు బెల్టు 1959లో వోల్వోలో ఆయన తెచ్చిందే. కంపెనీ ఆ పేటెంట్‌ని మిగతావాళ్ళు కూడా వాడుకోనిచ్చింది.

ఊరపిచ్చుక
వాడి ఛాతీ మీద భుజం నుంచి పక్కటెముకల దాకా అడ్డంగా నల్లగా కమిలిపోయిన చార ఉంది. బెల్టు చారే. ఇప్పుడు పసుపురంగులోకి తిరిగి తగ్గుతోంది.

గళ్ళచొక్కా
@వార్డు3 ఇన్నాళ్ళూ వాళ్ళకి శ్రద్ధ లేదనుకున్నాను. మా ఆవిడకి ఇప్పుడే చెప్పా. "నాకు అప్పుడే తెలుసు, ఆ అబ్బాయి నా కళ్ళలోకి చూసి అడిగేవాడు" అంది.

జాజిపూలు
ఫోన్లో మాట్లాడేవాళ్ళని అందరూ మర్చిపోతారు. మా బావగారికి దెబ్బ తగిలినప్పుడు అక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను. చేతి నుంచి రక్తం, నా చున్నీతో నొక్కి పట్టుకున్నా. ఫోన్లో ఉన్న ఆవిడ "బాగా నొక్కండి, మీ బరువంతా వేయండి. ఆగిందా అని తీసి చూడొద్దు. తడిసిపోతే దాని మీదే ఇంకో బట్ట పెట్టండి" అంది. నాకు తీసి చూడాలని ఎంత అనిపించిందో. ప్రతిసారీ నేను తీయబోతున్నట్టు ఆవిడకి కనపడుతోందా అన్నట్టు "తీయలేదు కదా?" అని అడిగేది. అంబులెన్స్ లైటు కనపడిందని చెప్తే "ఇక మీరు వాళ్ళకి అప్పజెప్పండమ్మా, చాలా బాగా చేశారు" అని పెట్టేసింది. ఆ గొంతు మళ్ళీ వినలేదు. ఇప్పుడెక్కడైనా వింటే గుర్తుపడతాను.

నిచ్చెన
ఫైర్ సర్వీసులో ఉన్నా. @ఊరపిచ్చుక మీ తమ్ముణ్ణి తీసినప్పుడు అంతసేపు ఎందుకు పట్టిందని ఇంట్లోవాళ్ళకి అనిపించి ఉంటుంది, అందుకే చెప్తున్నా. బయట నిలబడి చూసేవాళ్ళు "లాగేయండి, లాగేయండి" అని అరుస్తుంటారు. ముందు కారు కింద దిమ్మలు పెట్టి కదలకుండా చేయాలి. బ్యాటరీ వైరు తీయాలి. పేలని ఎయిర్‌బ్యాగ్ ఎటు ఉందో చూసుకోవాలి, కోస్తుంటే అది విప్పుకుంటే లోపలివాళ్ళకీ మాకూ దెబ్బే. తర్వాత అద్దం, తర్వాత తలుపు. హైడ్రాలిక్ కట్టర్ రేకుని కోస్తున్నప్పుడు వచ్చే చప్పుడు లోపల కూర్చున్నవాళ్ళకి నరకం. ఆ టైములో లోపల మాట్లాడే మనిషి ఉంటే బాధితుడు కదలడు. కదలకపోతే మాకు పని తొందరగా అవుతుంది. ఆవిడ పక్కన కూర్చుని మాట్లాడటం దయే, కానీ మా పనిలో అది సగం పని కూడా.

ఇంకొకటి. మీద దుప్పటి కప్పి ఉంటారు, అద్దం ముక్కలు పడకుండా. ఆవిడ కూడా ఆ దుప్పటి కిందే ఉండి ఉంటుంది.

ఊరపిచ్చుక
@నిచ్చెన అవును!! దుప్పటి కింద చీకట్లో ఇద్దరం ఉన్నాం, ఆవిడ పెన్ లైటు వెలిగించి పట్టుకుంది అన్నాడు. మత్తులో ఏదో అంటున్నాడనుకున్నాను.

బుడ్డోడు
ఒక డౌట్. రోడ్డు మీద ఎవరికైనా యాక్సిడెంట్ అయితే మేం ముందు నీళ్ళు పట్టిస్తాం. దాహం దాహం అంటారు పాపం. అది తప్పంటున్నారు కొందరు, నిజమా?

వేపకొమ్మ
దాహమంటే నీళ్ళివ్వకుండా ఎలా ఉంటాం? రాయి మనసా మనది?

రాత్రిడ్యూటీ
@వేపకొమ్మ ఇవ్వొద్దండీ. దాహం వేయడం చాలాసార్లు రక్తం పోతోందనడానికి గుర్తు. లోపల ఎక్కడ పోతోందో మనకి కనపడదు. స్పృహ సరిగ్గా లేనివాళ్ళు తాగితే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పైగా కాసేపట్లో ఆపరేషన్‌కి మత్తిస్తారు, కడుపులో ఏమున్నా వాంతి అయి అదే దారి పడుతుంది. మరీ చూడలేకపోతే తడిగుడ్డతో పెదాలు తడపండి.

మంటలో, నీళ్ళో, మళ్ళీ గుద్దే ప్రమాదమో ఉంటే తప్ప బయటికి లాగొద్దు. పక్కన కూర్చుని తల కదలకుండా పట్టుకుని, "నేనిక్కడే ఉన్నాను" అని చెప్తూ ఉండండి. మేం వచ్చేసరికి అలా ఎవరో ఒకరు కూర్చుని ఉంటే మాకెంత ధైర్యమో.

వేపకొమ్మ
నేను ఇద్దరికి పట్టించాను ఇదివరకు. వాళ్ళు బాగానే ఉండి ఉంటారని ఆశ. ఇక ఇవ్వను.

మడతకుర్చీ
రాయాలా వద్దా అని రెండు రోజులుగా చదువుతున్నాను.

నా భార్య యాక్సిడెంట్‌లో పోయింది. ఆరేళ్ళయింది. హాస్పిటల్ దాకా కూడా రాలేదు. అంబులెన్స్‌లో నేను ముందు సీట్లో ఉన్నాను, వెనక ఇద్దరు కుర్రాళ్ళు ఆమె గుండె మీద నొక్కుతూనే ఉన్నారు. ఒకతను లెక్కపెడుతున్నాడు, ముప్పై అవగానే ఇంకొకతను గాలి అందిస్తున్నాడు, మళ్ళీ ఒకటి నుంచి. దారంతా ఆ లెక్క ఆగలేదు. ఆఖరికి డాక్టర్ వచ్చి చూసి చెప్పాక, ఆ లెక్కపెట్టిన అబ్బాయి బయటికొచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఏమీ అనలేదు. చొక్కా అంతా తడిసిపోయి ఉంది. కాసేపయ్యాక ఆమె మెట్టెలు, తాళిబొట్టు ఒక కవర్లో పెట్టి, కవరు మీద ఆమె పేరు రాసి నా చేతిలో పెట్టాడు. కవరు అంటించి ఉంది. లోపల ఒక్క రక్తపు మరక లేదు. ఎప్పుడు కడిగాడో నాకు తెలియదు.

నెల తర్వాత వెతుక్కుంటూ వెళ్ళాను. నన్ను చూడగానే తల దించుకున్నాడు, తిడతాననుకున్నాడు. నువ్వు ఆపకుండా లెక్కపెట్టావు కదా, అది నాకు చాలు అని చెప్పాను. ఇద్దరం ఏడ్చాం.

బతికించినవాళ్ళకి అందరూ చెప్తారు. బతికించలేకపోయినవాళ్ళ దగ్గరికి కూడా వెళ్ళండి.

జాజిపూలు
😔🙏

నిచ్చెన
@మడతకుర్చీ అన్నా, ఈ పోస్టు మా స్టేషన్‌లో చదివి వినిపించాను. ఎవరూ మాట్లాడలేదు కాసేపు.

లెక్కలపుస్తకం
@మడతకుర్చీ గారు, మీకు ఎదురు చెప్పే మాట నా దగ్గర లేదు. నా విషయంలో అభిప్రాయం మాత్రం మారలేదు, ఫిర్యాదు రాస్తున్నాను. రాస్తుంటే గుర్తొచ్చింది, ఆ రోజు ఇద్దరు వచ్చారు. నాకు గుర్తుండిపోయింది ఆ గసిరినతనే. రెండోవాడు చిన్న కుర్రాడు, స్ట్రెచర్ ఎత్తేముందు నాన్న చెప్పులు తీసి కాళ్ళ దగ్గర పెట్టాడు. అది కూడా రాస్తాను.

రాత్రిడ్యూటీ
@ఊరపిచ్చుక మీ అసలు ప్రశ్న పక్కకి పోయింది. వివరంగా చెప్తా.

మాకు తెలియనిది ఒక్కటే: తర్వాత ఏమైంది? హాస్పిటల్ తలుపు దగ్గర స్ట్రెచర్ అప్పజెప్పేశాక ఆ మనిషి కథ మాకు అక్కడితో ఆగిపోతుంది. ఇంకో కాల్ వస్తుంది, వెళ్ళిపోతాం. తెలుసుకోవాలని ఉన్నా రోగి వివరాలు అడిగే హక్కు మాకుండదు. నా దగ్గర 11 ఏళ్ళ ఆగిపోయిన కథలున్నాయి. ఏడేళ్ళ పాప ఒకతె, వెనక సీట్లో. ఇప్పటికీ అప్పుడప్పుడు రాత్రిళ్ళు గుర్తొస్తుంది. బతికే ఉంటే ఇప్పుడు కాలేజీ వయసు.

కాబట్టి బహుమతులేం వద్దు. డబ్బు అసలే వద్దు, తీసుకోకూడదు కూడా, ఇబ్బంది పడతారు. మీ తమ్ముడు వేళ్ళు కదుపుతున్నాడన్న కబురు ఇవ్వండి. తేదీ, సుమారు టైము, ఏ రోడ్డు, ఏ రంగు కారు, ఇవి రాస్తే ఆ రోజు ఎవరు వెళ్ళారో వాళ్ళ ఆఫీసులో రికార్డు ఉంటుంది. మీ దగ్గర 7:52 కూడా ఉంది, దాంతో ఇట్టే దొరుకుతారు. ఉత్తరం అధికారి పేరు మీద రాసి, ఈ సిబ్బందికి అందజేయండి అని అడగండి. ఫైల్లోకి కూడా వెళ్తుంది. కలవాలనుంటే షిఫ్ట్ మారే టైములో, ముందు ఫోన్ చేసి వెళ్ళండి.

వార్డు3
మా వార్డు గోడ మీద ఒక ఫోటో ఉంది. చంకకర్రలతో నిలబడ్డ ఒక పెద్దాయన. వెనక "నిలబడ్డాను" అని ఒక్క మాట. నాలుగేళ్ళయింది, రంగు వెలిసిపోయింది, తీయనివ్వం.

పాతకాగితాలు
గోల్డెన్ అవర్ గురించి ఎవరూ రాయలేదే? దెబ్బ తగిలిన మొదటి గంట. ఆడమ్స్ కౌలీ అనే అమెరికా సర్జన్ ఆ మాటని ప్రచారంలోకి తెచ్చారు.

వార్డు3
అరవయ్యో నిమిషంలో తలుపు మూసుకుపోతుందని కాదండీ దానర్థం. కొందరికి పది నిమిషాలే, కొందరికి ఇంకా ఎక్కువ. ఆలస్యం చేయొద్దని చెప్పే మాట అది.

ఊరపిచ్చుక
పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను.

@రాత్రిడ్యూటీ గారు చెప్పినట్టే ఉత్తరం రాశాను. మొదటి చిత్తు రెండు పేజీలు వచ్చింది, అంతా నా ఏడుపే. చించేసి వాడితో రాయించాను. నాలుగు వాక్యాలు రాశాడు: "నేను దుప్పటి కింద ఉన్నవాణ్ణి. కాలు ఉంది. వేళ్ళు కదులుతున్నాయి. మీరు చెప్పినట్టే కళ్ళు మూసుకున్నాను." అంతే. నాలుగో రోజు ఫోన్ వచ్చింది, రమ్మన్నారు.

నేనూ అమ్మా వెళ్ళాం. వాడు ఇంకా రాలేడు కాబట్టి వీడియో తీసుకెళ్ళాం, వేళ్ళు ఆడిస్తున్నది. ఆవిడ నేననుకున్నదానికంటే చాలా చిన్నది, నాకంటే చిన్నదేమో. ఫోన్లో గొంతు విని పెద్దావిడ అనుకున్నాను. వీడియో మూడుసార్లు చూసింది. తర్వాత తనతో పాటు వచ్చిన డ్రైవర్‌ని పిలిచి చూపించింది. ఆయన ఫోన్ చేతిలోకి తీసుకుని, ఏమీ అనకుండా బొటనవేలు దగ్గర ఆపి పెద్దది చేసి చూశాడు.

నన్ను పక్కకి పిలిచి "అమ్మకి చెప్పొద్దన్నాడు కదా, ఎప్పుడు చెప్పారు మరి?" అని అడిగింది. అది కూడా గుర్తుంది ఆవిడకి.

అమ్మ దారి పొడుగునా ఏవేవో చెప్పాలనుకుంది, అక్కడ ఒక్కటీ రాలేదు. ఆఖరికి "ఆ పెన్ను ఏది తల్లీ?" అంది. ఆవిడకి ముందు అర్థం కాలేదు. తర్వాత జేబులోంచి నల్ల మార్కర్ తీసి ఇచ్చింది. అమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుని కాసేపు చూసి, మూత గట్టిగా ఉందో లేదో నొక్కి, మళ్ళీ ఆవిడ జేబులోనే పెట్టింది.

లెక్కలపుస్తకం
మీ తమ్ముడు నడిచిన రోజు కూడా ఇక్కడ రాయండి.

బుడ్డోడు
@రాత్రిడ్యూటీ అన్నా, ఆ ఏడేళ్ళ పాప ఎక్కడ, ఏ ఏడాది? ఇక్కడ చాలామంది చదువుతున్నారు. ఎవరికైనా తెలిసి ఉండొచ్చు.

రాత్రిడ్యూటీ
ఆ వివరాలు నేను బయట పెట్టకూడదు తమ్ముడూ. కానీ వెనక సీట్లో ఎర్ర రిబ్బన్లు కట్టుకుని, నా వేలు పట్టుకుని వదలని పాప నువ్వే అయితే, మీ ఊళ్ళో అంబులెన్స్ ఆఫీసుకి ఒక్క ముక్క రాయి తల్లీ.